గుండె కవాటాలపై సన్నని పోగులు: భయపడాలా, గమనిస్తూ ఉంటే చాలా?

పక్షవాతం వచ్చిన రోగికి కారణం వెతికేటప్పుడు వైద్యులు మెదడుతో ఆగిపోరు. మెడలోని రక్తనాళాలను, గుండె లయను, గుండె గదులను, కవాటాలను కూడా పరిశీలిస్తారు. ఆ క్రమంలో గొంతు ద్వారా చేసే ఎకో పరీక్షలో కొందరికి ఒక చిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. కవాటం అంచున వెంట్రుకలాంటి సన్నని పోగు ఒకటి వేలాడుతూ, గుండె కొట్టుకున్న ప్రతిసారీ అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దాన్ని చూసిన వైద్యుడి ముందు మూడు నాలుగు ప్రశ్నలు నిలుస్తాయి. అది రక్తపు గడ్డా? సూక్ష్మజీవుల వల్ల ఏర్పడిన పెరుగుదలా? చిన్న కణితా? లేక వయసుతో పాటు చాలామంది గుండెల్లో నిశ్శబ్దంగా ఏర్పడే పోగు మాత్రమేనా?

ఈ చివరి రకం పోగులనే వైద్యశాస్త్రం ‘లాంబుల్ ఎక్స్‌క్రెసెన్స్‌లు’ అంటుంది. వీటిని సరిగ్గా గుర్తించకపోతే నష్టం రెండు వైపులా ఉంటుంది. హానిలేని పోగును చూసి ఇన్‌ఫెక్షన్ అనుకుంటే రోగి వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి యాంటీబయాటిక్స్ తీసుకోవాల్సి వస్తుంది. నిజమైన ఇన్‌ఫెక్షన్‌ను చూసి మామూలు పోగు అని వదిలేస్తే ప్రాణానికే ముప్పు.

కనుగొన్న వైద్యుడు

ఈ పోగులకు పేరు విలెం దుషన్ లాంబుల్ అనే వైద్యుడి నుంచి వచ్చింది. 1824లో బొహీమియాలో, అంటే నేటి చెక్ రిపబ్లిక్ ప్రాంతంలో పుట్టిన ఆయన ప్రాగ్ నగరంలో పనిచేశారు. తరువాత ఖార్కివ్, వార్సా నగరాల్లో ఆచార్యుడిగా ఉన్నారు. 1895లో మరణించారు. శవపరీక్షల్లో సేకరించిన అవయవాలను సూక్ష్మదర్శినితో శ్రద్ధగా పరిశీలించడం ఆ కాలపు వైద్యంలో కొత్త ఒరవడి. అలా చూస్తున్నప్పుడే బృహద్ధమని కవాటం రెక్కలపై దారాల వంటి పెరుగుదలలు ఆయన కంటపడ్డాయి. 1856లో వాటిని వర్ణించి ప్రచురించారు.

లాంబుల్ పేరు జీవశాస్త్రం చదివినవారికి మరో విధంగానూ పరిచయమే. నీళ్ల విరేచనాలకు కారణమయ్యే జియార్డియా అనే ఏకకణ పరాన్నజీవిని 1859లో వివరంగా వర్ణించింది ఆయనే. అందుకే దానికి ‘జియార్డియా లాంబ్లియా’ అనే పేరు వాడుకలోకి వచ్చింది.

బతికున్న మనిషి గుండెలో ఈ పోగులను చూసే అవకాశం లాంబుల్‌కు లేదు. అందువల్ల దాదాపు వందేళ్లకు పైగా ఇవి శవపరీక్ష గదిలో కనిపించే ఒక విశేషంగానే మిగిలిపోయాయి. వీటివల్ల రోగికి ఏమైనా జరుగుతుందా అన్న ప్రశ్న గట్టిగా వినిపించింది శబ్ద తరంగాలతో గుండెను చూడగలిగిన తరువాతే.

రోజుకు లక్షసార్లు మూసుకునే తలుపులు

పోగులు ఎందుకు ఏర్పడతాయో తెలియాలంటే కవాటం చేసే పని తెలియాలి. గుండెలో నాలుగు కవాటాలు ఉన్నాయి. కుడివైపు త్రిపత్ర కవాటం, పుపుస ధమని కవాటం; ఎడమవైపు ద్విపత్ర కవాటం, బృహద్ధమని కవాటం. రక్తం ముందుకే పోవాలి, వెనక్కి రాకూడదు. ఆ నియమాన్ని కాపాడడమే వీటి పని. వైద్యులు ద్విపత్ర కవాటాన్ని మైట్రల్ వాల్వ్ అనీ, బృహద్ధమని కవాటాన్ని అయోర్టిక్ వాల్వ్ అనీ పిలుస్తారు.

నిమిషానికి 70 సార్లు కొట్టుకునే గుండెలో ప్రతి కవాటం రోజుకు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఏడాదికి ఇది 3 కోట్ల 60 లక్షలు దాటుతుంది. కవాటం రెక్కలేమో చాలా పలుచనివి. ఇంత పలుచని రెక్కలు ఒకదానితో ఒకటి తాకే చోట ఒక సన్నని గీత ఉంటుంది. దాన్ని మూత గీత అనుకోవచ్చు. బృహద్ధమని కవాటంలో మూడు రెక్కల అంచుల మధ్యన మూడు చిన్న బుడిపెలు కూడా ఉంటాయి. 16వ శతాబ్దపు ఇటలీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త అరాంజియో పేరుతో వాటిని అరాన్షియస్ బుడిపెలు అంటారు. మూడు రెక్కలు కలిసే మధ్య బిందువులో సందు లేకుండా చూడడం వీటి పని.

రాపిడి, ఒత్తిడి ఎక్కువగా పడేది ఈ మూత గీత మీదే. లాంబుల్ పోగులు పుట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. ఇవి కుడివైపు కవాటాల కంటే ఎడమవైపు కవాటాలపైనే ఎక్కువగా కనిపించడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఎడమ జఠరిక సంకోచించినప్పుడు అందులో పీడనం సుమారు 120 మిల్లీమీటర్ల పాదరస మట్టానికి చేరుతుంది. కుడి జఠరికలో అది 25 దరిదాపుల్లోనే ఉంటుంది. ఎక్కువ బలంతో కొట్టుకునే తలుపు అంచులే ముందుగా అరిగినట్టు, ఎడమవైపు కవాటాల అంచులు ఎక్కువ అరుగుదలకు లోనవుతాయి.

పోగు ఎలా తయారవుతుంది?

కవాటం రెక్కను ఎండోథీలియం అనే ఒకే వరుస కణాల పొర కప్పి ఉంచుతుంది. రక్తం గడ్డకట్టకుండా సాఫీగా జారిపోవడానికి ఈ పొర నున్నగా, చెక్కుచెదరకుండా ఉండాలి. నిరంతర రాపిడి వల్ల మూత గీత దగ్గర ఈ పొర అక్కడక్కడ లేచిపోతుంది. అడుగున ఉన్న కణజాలం రక్తానికి తగులుతుంది. అప్పుడు చర్మం మీద గాయమైనప్పుడు జరిగేదే చిన్న స్థాయిలో ఇక్కడా జరుగుతుంది. రక్తంలోని ఫైబ్రిన్ అనే ప్రొటీన్ దారాలుగా మారి ఆ గాయం మీద పేరుకుంటుంది.

చాలా గాయాలు ఇంతటితో మానిపోతాయి. కొన్నిచోట్ల మాత్రం పేరుకున్న ఫైబ్రిన్ రక్తప్రవాహం తాకిడికి సాగి చిన్న కొసలా నిలబడుతుంది. క్రమంగా దాని లోపల కొలాజెన్, ఎలాస్టిక్ తంతువులు చేరతాయి. పైన మళ్లీ ఎండోథీలియం పొర పెరుగుతుంది. దీంతో గడ్డగా మొదలైనది శాశ్వతమైన పోగుగా స్థిరపడుతుంది. ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంగీకరించే వివరణ ఇదే.

సూక్ష్మదర్శినిలో చూస్తే పోగు నిర్మాణం చాలా సరళంగా ఉంటుంది. మధ్యలో కణాలు దాదాపు లేని తంతువుల కాండం, దాని మీద ఒకే వరుస కణాల పూత. రక్తనాళాలు ఉండవు. మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు మించదు. పొడవు కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒక సెంటీమీటరు వరకు, అరుదుగా అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఒక్కటే ఉండవచ్చు, వరుసగా అనేకం ఉండవచ్చు. కొన్నిసార్లు పక్కపక్కనే ఉన్న పోగులు కలిసిపోయి పెద్ద గుత్తిగా తయారవుతాయి. వాటిని ‘జెయింట్’ లాంబుల్ ఎక్స్‌క్రెసెన్స్‌లు అంటారు.

మామూలు ఎకోలో ఎందుకు కనిపించదు?

స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్, హెల్‌ముత్ హెర్ట్జ్ 1953లో శబ్ద తరంగాలతో గుండె కదలికలను నమోదు చేయడంతో ఎకో పరీక్షకు పునాది పడింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోని ఆసుపత్రుల్లోనూ ‘టూడీ ఎకో’ మామూలు మాటే. అయితే ఛాతీ మీద పరికరం ఆనించి చేసే ఈ పరీక్షలో లాంబుల్ పోగులు చాలావరకు కనిపించవు.

దీనికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. శబ్దం శరీర కణజాలంలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఛాతీ గోడ, పక్కటెముకలు, ఊపిరితిత్తులు దాటుకుని లోతుకు వెళ్లాలంటే తక్కువ పౌనఃపున్యం గల తరంగాలు కావాలి. 2.5 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 0.6 మిల్లీమీటరు. తరంగం ఎంత పొడవైతే చిన్న వివరాలు అంత మసకబారతాయి. ఒక మిల్లీమీటరు కూడా లేని, పైగా వేగంగా ఊగే పోగును దీనితో పట్టుకోవడం కష్టం.

అన్నవాహిక గుండెకు సరిగ్గా వెనక ఆనుకుని ఉంటుంది. గొంతు ద్వారా సన్నని గొట్టాన్ని అందులోకి దింపి, దాని కొసన ఉన్న పరికరంతో గుండెను చూడడమే టీఈఈ పరీక్ష. మధ్యలో ఎముకలు, గాలి అడ్డుండవు. అందువల్ల 7 మెగాహెర్ట్జ్ వరకు తరంగాలు వాడవచ్చు. అప్పుడు తరంగం పొడవు 0.22 మిల్లీమీటరుకు తగ్గుతుంది. చిత్రం స్పష్టమవుతుంది. సన్నని పోగు కూడా కనిపిస్తుంది.

ఈ పరీక్ష 1980ల చివరి నుంచి విస్తృతంగా వాడుకలోకి వచ్చాక పోగులు కనబడడం పెరిగింది. వాటితో పాటే వైద్యుల సందేహాలూ పెరిగాయి.

పక్షవాతానికి కారణమా, కాకతాళీయమా?

ఎడమవైపు కవాటం మీది పోగు నుంచి ఏదైనా ముక్క ఊడితే అది బృహద్ధమనిలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరే అవకాశం ఉంది. పోగు తెగిపోవచ్చు. లేదా పోగు ఉపరితలం మీద చిన్న రక్తపు గడ్డ ఏర్పడి అది విడిపోవచ్చు. మెదడు రక్తనాళంలో అది అడ్డుపడితే పక్షవాతం వస్తుంది. ఇలా జరిగినట్టు భావించిన రోగుల వివరాలు వైద్య పత్రికల్లో అనేకం వచ్చాయి. హృదయ ధమని మొదలును పోగు అడ్డుకోవడంతో గుండెపోటు వచ్చిందని భావించిన సందర్భాలు కూడా అరుదుగా నమోదయ్యాయి.

కానీ ఒక్కొక్క రోగి కథను బట్టి సాధారణ సూత్రం తేల్చలేం. అందుకు ఎక్కువమందిని పోల్చి చూసిన అధ్యయనాలు కావాలి. 1990లలో అలాంటివి కొన్ని వచ్చాయి. వాటి ఫలితాలు మొదట చూస్తే ఒకదానికొకటి పొసగనట్టు కనిపిస్తాయి.

1995లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, రక్తపు ముక్క అడ్డుపడి జబ్బుపడినవారిలో పది శాతానికి పైగా మందికి కవాటాలపై పోగులు కనిపించాయి. ఇతర కారణాలతో టీఈఈ చేయించుకున్నవారిలో ఆ సంఖ్య రెండు శాతం చిల్లర మాత్రమే. 1997లో ఫ్రాన్స్ పరిశోధకులు వయసు పైబడిన వారిపై ప్రచురించిన అధ్యయనంలో, పక్షవాతం వచ్చినవారిలో 22.5 శాతం మందికి, రానివారిలో 12.1 శాతం మందికి మైట్రల్ కవాటంపై పోగులు ఉన్నాయి. ఈ రెండింటినీ చూస్తే పోగులకు, పక్షవాతానికి సంబంధం ఉందనే అనిపిస్తుంది.

అదే 1997లో అమెరికాలో రోల్డన్, ఆయన సహచరులు మరో కోణంలో పరిశీలించారు. వారు పూర్తి ఆరోగ్యవంతులైన 90 మందికి కూడా టీఈఈ పరీక్ష చేశారు. వారిలో 38 శాతం మందికి కవాటాలపై పోగులు కనిపించాయి! గుండె నుంచి రక్తపు ముక్క వెళ్లిందని అనుమానించిన రోగుల్లో అది 41 శాతం. రెండింటి మధ్య తేడా లేనట్టే. కొంతకాలం తరువాత మళ్లీ పరీక్షించినా పోగులు దాదాపు అలాగే ఉన్నాయి.

ఇంత తేడా ఎందుకు? ఎంత సన్నని దాన్ని పోగుగా లెక్కించాలన్నది అధ్యయనాన్ని బట్టి మారుతుంది. పక్షవాతానికి కారణం దొరకనప్పుడు వైద్యుడు కవాటాన్ని మరింత ఓపికగా చూస్తాడు. వేరే పని మీద పరీక్ష చేసేటప్పుడు అంత చూడకపోవచ్చు. వెతికిన చోట ఎక్కువ దొరకడం సహజం. ఆరోగ్యవంతుల్లోనే మూడో వంతుకు పైగా మందికి ఉన్న లక్షణం పక్షవాతం రోగుల్లోనూ అంతే తరచుగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అది కారణం కాకుండా పక్కనే ఉన్న సాక్షి మాత్రమే కావచ్చు.

మరో ముఖ్యమైన ఆధారం, పోగులున్న రోగులకు తరువాత ఏమైందన్నది. ఫ్రాన్స్ అధ్యయనంలో పోగులున్నవారికి పక్షవాతం తిరిగి వచ్చే అవకాశం అధికంగా కనిపించలేదు. 2004లో వచ్చిన మరో అమెరికా అధ్యయనమూ ఇదే తేల్చింది. పక్షవాతం వచ్చి, పోగులు కూడా ఉన్నవారిలో కొందరికి ఆస్పిరిన్, కొందరికి వార్ఫరిన్ ఇచ్చి చూస్తే రెండు మందుల మధ్య గుర్తించదగ్గ తేడా కనిపించలేదు.

మొత్తం మీద నేటి అవగాహన ఇదీ: పోగు కనిపించినంత మాత్రాన అది పక్షవాతానికి కారణమని చెప్పలేం. కొందరిలో, ముఖ్యంగా పెద్ద గుత్తిగా పెరిగినప్పుడు లేదా ఇతర కారణాలన్నీ వెతికినా దొరకనప్పుడు, అది కారణమయ్యే అవకాశాన్ని పూర్తిగా కొట్టివేయలేం.

పోలికతో మోసపోకుండా

కవాటం మీద కనిపించే ప్రతి పెరుగుదలా లాంబుల్ పోగు కాదు. వైద్యుడు ముఖ్యంగా నాలుగింటిని వేరు చేసి చూడాలి.

మొదటిది ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. రక్తంలోకి చేరిన సూక్ష్మజీవులు కవాటం మీద స్థిరపడి ఏర్పరచే పెరుగుదలను వెజిటేషన్ అంటారు. ఇది కూడా ఎక్కువగా మైట్రల్ కవాటానికి కర్ణిక వైపు, అయోర్టిక్ కవాటానికి జఠరిక వైపు ఏర్పడుతుంది. లాంబుల్ పోగులదీ దాదాపు అదే చోటు. కాబట్టి స్థానాన్ని బట్టి మాత్రమే తేల్చడం కుదరదు. వెజిటేషన్ సాధారణంగా మందంగా, ముద్దలా, క్రమం లేని ఆకారంలో ఉంటుంది. కవాటాన్ని తినేస్తుంది; రక్తం వెనక్కి కారడం మొదలవుతుంది. రోగికి జ్వరం, చలి, నీరసం, బరువు తగ్గడం ఉంటాయి. రక్తాన్ని కల్చర్ చేస్తే సూక్ష్మజీవులు బయటపడతాయి. లాంబుల్ పోగుకు ఇవేవీ ఉండవు. కవాటం పనితీరు కూడా మామూలుగానే ఉంటుంది.

రెండోది పాపిల్లరీ ఫైబ్రోఎలాస్టోమా అనే నిరపాయకరమైన కణితి. చిన్న కాడ మీద అనేక కొసలు విచ్చుకుని ఉంటుంది. బయటకు తీసి నీటిలో వేస్తే సముద్రంలోని ఎనిమోన్ జీవిలా విప్పారుతుంది. సూక్ష్మదర్శినిలో ఇదీ లాంబుల్ పోగులానే కనిపించడంతో రెండింటి మధ్య సంబంధం ఏమిటన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. అయితే ఫైబ్రోఎలాస్టోమా పోగులా కాక గుండ్రంగా ఉంటుంది. మూత గీతకు దూరంగా కూడా పుడుతుంది. క్యాన్సర్ కాకపోయినా దీనివల్ల పక్షవాతం ముప్పు ఎక్కువ. గుండె ఎడమవైపు ఉండి, కదులుతూ, పెద్దదిగా ఉంటే శస్త్రచికిత్సతో తొలగించడాన్ని వైద్యులు పరిశీలిస్తారు.

మూడోది సూక్ష్మజీవులు లేకుండానే ఏర్పడే వెజిటేషన్. లూపస్ అనే వ్యాధిలో కనిపించే ఈ రకాన్ని లిబ్‌మన్, శాక్స్ అనే వైద్యులు 1924లో వర్ణించారు. కొన్ని క్యాన్సర్లలోనూ ఇలాంటివి వస్తాయి. నాలుగోది తాజా రక్తపు గడ్డ. గడ్డకట్టే గుణం ఎక్కువైన వారిలోనూ, కృత్రిమ కవాటం ఉన్నవారిలోనూ దీన్ని అనుమానించాలి.

భారతదేశంలో మరింత జాగ్రత్త ఎందుకు?

సంపన్న దేశాల్లో కవాటం జబ్బులు ఎక్కువగా వృద్ధాప్యంలో వచ్చేవి. భారతదేశంలోనూ, పొరుగు దక్షిణాసియా దేశాల్లోనూ రుమాటిక్ గుండె జబ్బు ఇంకా పోలేదు. బాల్యంలో స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పికి సరైన చికిత్స అందకపోతే కొందరిలో రుమాటిక్ జ్వరం వచ్చి కవాటాలు శాశ్వతంగా దెబ్బతింటాయి. అలా దెబ్బతిన్న కవాటాల మీద ఎండోకార్డైటిస్ తేలికగా వస్తుంది. అందుకే ఇక్కడ కవాటం మీద ఏదైనా కదులుతూ కనిపిస్తే వైద్యుడికి ముందుగా ఇన్‌ఫెక్షన్ అనుమానమే రావడం సబబు.

చిక్కు మరొకటి ఉంది. జ్వరం రాగానే మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకోవడం చాలామందికి అలవాటు. రెండు మూడు రోజులు అలా మందు పడ్డాక రక్తం కల్చర్ చేస్తే సూక్ష్మజీవి పెరగకపోవచ్చు. అప్పుడు ఇన్‌ఫెక్షన్ ఉందా, లేదా అన్నది తేల్చే ముఖ్యమైన ఆధారమే చేజారుతుంది. ఎకోలో కనిపించినది వెజిటేషనా, మామూలు పోగా అన్న సందేహం అలాగే మిగిలిపోతుంది. ఎండోకార్డైటిస్‌కు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల పాటు నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. అంత సుదీర్ఘ చికిత్స అవసరమా, కాదా అన్నది తేలాలంటే మందు మొదలుపెట్టక ముందే, వేర్వేరు చోట్ల నుంచి కనీసం మూడుసార్లు రక్తం తీసి కల్చర్‌కు పంపడం మేలు.

చికిత్స ఎవరికి?

ఏ ఇబ్బందీ లేని వ్యక్తికి వేరే కారణంతో చేసిన పరీక్షలో లాంబుల్ పోగు కనిపిస్తే సాధారణంగా చికిత్స అవసరం ఉండదు. వైద్యుడు సూచించిన వ్యవధిలో మళ్లీ చూపించుకుంటే సరిపోతుంది. రోజువారీ పనులు మానుకోనక్కర్లేదు.

పక్షవాతం వచ్చిన వ్యక్తిలో పోగు కనిపిస్తే ముందుగా చేయాల్సింది మిగిలిన కారణాలను వెతకడం. రక్తపోటు, మధుమేహం, మెడ రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ తప్పిన గుండె స్పందన, కర్ణికల మధ్య పూడని రంధ్రం వంటివి పోగు కంటే ఎంతో బలమైన అనుమానితులు. పోగు దొరికింది కదా అని వెతుకులాట ఆపేస్తే అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

అన్నీ చూశాక పోగు తప్ప మరేమీ కనిపించకపోతే సాధారణంగా ఆస్పిరిన్ వంటి, రక్తఫలకికలు అతుక్కోకుండా చేసే మందుతో మొదలుపెడతారు. మందు వాడుతున్నా మళ్లీ పక్షవాతం వస్తే రక్తం గడ్డకట్టకుండా ఆపే బలమైన మందుల గురించి ఆలోచిస్తారు. ఆ మందులతో రక్తస్రావం ముప్పు ఉంటుంది కనుక లాభనష్టాలు బేరీజు వేయాలి. పదేపదే ఇలా జరిగినప్పుడు, లేదా పోగు చాలా పెద్దదిగా ఉన్నప్పుడు, శస్త్రచికిత్సతో తొలగించిన సందర్భాలు ఉన్నాయి. చాలాసార్లు కవాటాన్ని మార్చకుండా పోగును మాత్రమే కత్తిరించి తీయగలుగుతారు. ఈ నిర్ణయాలకు పెద్ద ఎత్తున జరిగిన పోలిక పరీక్షల బలం తక్కువ. అందువల్ల గుండె వైద్యులు, నరాల వైద్యులు, అవసరమైతే శస్త్రచికిత్స నిపుణులు కలిసి రోగి రోగికీ విడిగా నిర్ణయిస్తారు.

రిపోర్టులో పేరు కనిపిస్తే

పరీక్ష పరికరాలు మెరుగయ్యేకొద్దీ ఇంతకుముందు కనిపించనివి కనిపిస్తాయి. కనిపించిన ప్రతిదీ జబ్బు కాదు. ఎకో రిపోర్టులో ‘లాంబుల్ ఎక్స్‌క్రెసెన్స్’ అనో, ‘వాల్వ్ స్ట్రాండ్’ అనో రాసి ఉంటే రోగి వైద్యుడిని అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. కవాటం సరిగ్గా పనిచేస్తోందా? ఇన్‌ఫెక్షన్ ఆనవాళ్లు ఏమైనా ఉన్నాయా? ఇది కణితి కాదని ఎంతవరకు నమ్మకం? మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి? వీటికి సంతృప్తికరమైన జవాబులు వస్తే ఆ పోగు గురించి నిద్ర చెడగొట్టుకోవాల్సిన పనిలేదు. అయితే జ్వరం రోజుల తరబడి తగ్గకపోయినా, ఒక్కసారిగా ముఖం వంకర పోవడం, చేయి లేదా కాలు చచ్చుబడడం, మాట తడబడడం వంటివి కొద్ది నిమిషాల పాటు కనిపించి తగ్గిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కవాటంపై పోగు ఉన్నా, లేకపోయినా ఈ జాగ్రత్త అందరికీ వర్తిస్తుంది.